గాజు పెంకుల వర్తకం: శుభ్రతను బట్టే ధర

ఇనుము, రాగి తుక్కులో కొంత కల్తీ ఉంటే ధర తగ్గుతుంది. గాజు పెంకుల్లో కల్తీ ఉంటే సరుకే చెల్లకపోవచ్చు. పాత సామాను వర్తకంలో గాజు వెనుకబడి ఉండటానికి ఇదొక ముఖ్య కారణం.

సీసా గాజును ఎన్నిసార్లు కరిగించినా గుణం చెడదు. ఇసుక, సోడా యాష్, సున్నపురాయిని సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరిగించి సీసాలు చేస్తారు. టన్ను పెంకులు వాడితే సుమారు 1.2 టన్నుల ముడిసరుకు కలిసివస్తుంది. సోడా యాష్, సున్నపురాయిలో కొంత భాగం కొలిమిలో బొగ్గుపులుసు వాయువుగా పోవడమే ఈ తేడాకు కారణం. పెంకుల పాలు 10 శాతం పెరిగినకొద్దీ ఇంధనం రెండున్నర నుంచి మూడు శాతం వరకు ఆదా అవుతుంది. కనుక శుభ్రమైన సరుకుకు గిరాకీ ఉంటుంది.

చిక్కంతా కలగలుపుతోనే. పింగాణీ ముక్కలు, రాళ్లు ఆ వేడికి పూర్తిగా కరగక కొత్త సీసా గోడలో పలుకులుగా నిలుస్తాయి. చల్లారేటప్పుడు గాజు ఒక తీరున, పలుకు మరో తీరున కుంచించుకుపోవడంతో అక్కడ బీట పడుతుంది. సోడా, బీరు సీసాలైతే లోపలి ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది.

చూపుకు గాజే అయినా సీసాల కొలిమికి పనికిరానివీ ఉన్నాయి. వేడిని తట్టుకునే వంటపాత్రల గాజు, లాబొరేటరీ గాజు కరగడానికి ఎక్కువ వేడి కావాలి. పాత టీవీ పిక్చర్ ట్యూబుల గాజులో సీసం, ట్యూబులైట్లలో పాదరసం ఉంటాయి. కార్ల ముందు అద్దాల్లో రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. రంగు పెంకులు కలిస్తే తెల్ల సీసా తెల్లదనం పోతుంది. పచ్చ సీసాల తయారీలో మాత్రం కలగలుపు రంగులు కొంతవరకు చెల్లుతాయి.

కొలిమికి పోని మామూలు సీసా గాజుకు మరో దారి కాంక్రీటు. ముతక పలుకులుగా వేస్తే సిమెంటులోని క్షారంతో చర్య జరిగి పగుళ్లు రావచ్చు. మెత్తని పొడిగా వాడితే ఆ బెడద తగ్గుతుంది.

గాజు బరువైన, చౌక సరుకు. విజయవాడ నుంచి భువనగిరి సీసాల ఫ్యాక్టరీకి లారీ పంపి, సరుకు తిరస్కారమైతే రానుపోను కిరాయి లాభాన్ని మింగేస్తుంది. ఆ ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోవడం మేలు. పెంకులయ్యాక ఏరడం కష్టం. గోదాములో సీసాలు పగలకముందే రంగుల వారీగా వేరుచేయడం తేలిక. చెక్కుచెదరని సీసాలను విడిగా తీస్తే, కడిగి మళ్లీ నింపేవారు తూకానికి కాక లెక్కకు కొంటారు.