నూలుకు ఒక పొడి చోటు

మగ్గం గుంటకు తేమ కావలెను. నూలు మూటకు తేమ కూడదు. నేతపని తెలిసిన ప్రతి ఇంటివారికీ ఇది తెలిసిన సంగతియే. అయినను మన ఇండ్లలో మగ్గమూ, నూలు కట్టలూ, రంగు డబ్బాలూ, పిల్లల పుస్తకాలూ అన్నీ ఒకే గదిలో కాపురముండుట వాడుక. ఈ వాడుక వలన బరంపురంలో మా సంఘానికి ఎట్టి నష్టము కలిగినదో, దానికి మేము ఏమి ఉపాయము చేసితిమో తోటి నేత కుటుంబములకు తెలుపుటకే ఈ వ్యాసము.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరము దాటెను. అది మా ఊరికి కూతవేటు దూరమే. తెల్లవారి మేము వీధి వెంట పోయి చూడగా పెంకు లేవని ఇల్లు అరుదు. ఒక ముసలామె ఇంట సంఘము అరువిచ్చిన నూలు మగ్గం మూలలో తడిసి ముద్దయి యుండెను. కరెంటు లేదు, ఆరవేయుటకు పొడి చోటు లేదు. నాలుగు రోజులకు బూజు పట్టినది. సంఘము నిబంధన ప్రకారము ఆ నూలు వెలను ఆమె కూలిలో కొంత కొంతగా మినహాయింపసాగితిమి.

తరువాతి సమావేశములో ఆమె లేచి నిలబడినది.

"బాబూ, నూలు సంఘానిది, ఇల్లు నాది. నా ఇంట పొడి చోటు లేదని మీకు తెలుసు. తెలిసే ఇచ్చారు. తడిసిన తరువాత నా కూలి కోయడం న్యాయమా?" అని అడిగినది.

"రూలు అట్లున్నది, అమ్మా," అని మాత్రము మేము అంటిమి. ఆ జవాబుకు ఇప్పటికిని సిగ్గుపడుచున్నాము. కమిటీవారు ఆలోచించి నష్టములో సగము సంఘమే భరించునట్లు తీర్మానించిరి. అంతతో ఆగక, పెరటిలో నూలు కొట్టు కట్టుకొనువారికి అడ్వాన్సు ఇచ్చి, చిన్న వాయిదాలలో తీసుకొనవలెనని కూడ నిర్ణయించిరి. ముందుగా మా పెరటిలోనే ఒకటి కట్టి చూచితిమి.

ఇది పెద్ద కట్టడము కాదు. ఇంటి వెనుక గోడకు ఆనించి, ఒకే పక్కకు వాలునట్లు వేయు చిన్న కొట్టు. మూడు పక్కలు గోడ కట్టిన చాలును. నాలుగవది ఇంటి గోడయే. మాది 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. ఇంటి గోడ దగ్గర ఎత్తు 8 అడుగుల 6 అంగుళాలు, ముందు పక్క 6 అడుగుల 6 అంగుళాలు. అనగా 6 అడుగులకు 2 అడుగుల వాలు. 8 అడుగుల ముడతల రేకులు ఆరు పట్టినవి. రేకు వెడల్పు సుమారు 2 అడుగుల 8 అంగుళాలున్నను, పక్క రేకుపై ఎక్కించగా 2 అడుగుల 2 అంగుళాలే లెక్కకు వచ్చును. కొనునప్పుడు ఇది మరువరాదు.

మొదట మేము చేసిన తప్పు చెప్పెదము. రేకు కొసను ఇంటి గోడకు ఆనించి, సందులో సిమెంటు మెత్తి ఊరకుంటిమి. మొదటి వానకే ఆ సిమెంటు బీటలు వారి, నీరు గోడ వెంట జారి బల్లలపైకి దిగినది. పిమ్మట తాపీమేస్త్రి గోడలో గాడి కొట్టి, వంచిన జింకు రేకు పట్టీ ఒక అంచును గాడిలో దూర్చి, రెండవ అంచును రేకుల మీదికి దించి, గాడిని సిమెంటుతో పూడ్చెను. ఆ తరువాత చుక్క దిగలేదు.

తుపాను పట్టులలో రేకులపై రాళ్లు పెట్టుట ప్రమాదము. గాలికి రేకూ రాయీ రెండూ లేచును. కొక్కెపు బోల్టులతో బిగింపవలెను. బోల్టు రంధ్రము రేకు ముడత వీపున ఉండవలెను గాని, నీరు పారు పల్లములో ఉండరాదు. తారు వాషరు తప్పనిసరి. వాసములను ఇనుప పట్టీలతో దూలమునకును, దూలమును గోడకును కట్టివేయవలెను.

అరుగు నేలకు అడుగున్నర ఎత్తు ఉండవలెను. గచ్చు క్రింద మందపు పాలిథిన్ పరచినచో నేల చెమ్మ పైకి రాదు. బల్లలు నేలకు 9 అంగుళాల పైన, గోడకు 6 అంగుళాల ఎడముగా ఉండవలెను. రేకు క్రింద వెదురు తడక కట్టుడు; తెల్లవారుజామున రేకు లోపలి పక్క చెమర్చి రాలు చుక్కలు నూలుపై పడవు, పగటి వేడియు తగ్గును. రెండు కొసలలో చూరు దగ్గర గాలి కంతలుంచి, ఎలుక పిల్ల దూరని పావు అంగుళము వల బిగింపుడు. ఎండకాయు వేళ వాటిని తెరచి, వాన పట్టగానే మూయవలెను. చూరు నీరు పొరుగువారి పెరటిలో పడరాదు. సరిహద్దు, పురపాలక అనుమతి ముందే చూచుకొనుడు.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకనగా, ప్రత్తి నూలు గాలిలోని తేమను పీల్చును. వర్తకములో పూర్తిగా ఎండిన 100 కిలోల ప్రత్తి నూలుకు 8.5 కిలోల తేమ, పట్టుకు 11 కిలోల తేమ న్యాయమని లెక్క. వానకాలములో ఇది ఇంకను పెరుగును. తడిచోట తూచి ఇచ్చిన నూలు, ఎండిన తరువాత తక్కువ తూగును. అప్పుడు సంఘమువారు నేతగానిని, నేతగాడు సంఘమును అనుమానించును. దొంగ ఎవరో కాదు, తేమ! అందుచేత నూలు తూకము పొడిచోటనే జరుగవలెను. గంజి పెట్టిన పడుగుకు బూజు త్వరగా పట్టును. జరీ తేమకు నల్లబడును.

ఒక హెచ్చరిక. అద్దకమునకు వాడు హైడ్రోసును నూలు కొట్టులో ఎన్నడును ఉంచరాదు. అది తేమ తగిలిన తనంతట తానే వేడెక్కి నిప్పు అంటుకొనవచ్చును. దానిని మూత బిగువైన డబ్బాలో, వేరుగా, పొడిగా ఉంచవలెను. కాస్టిక్ సోడా కూడ అంతే; పిల్లల చేతికి అందనీయరాదు.

షోలాపూరువారికి గాలివాన భయము తక్కువ, ఎండ బాధ ఎక్కువ. వారు తడక మందముగా వేసుకొనవలెను. యానాంవారు గోదావరి వరద గుర్తు చూచి అరుగు ఎత్తు పెంచుకొనవలెను. కొలతలు ఊరిని బట్టి మారును. పొడి చోటు అవసరము మారదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు మా పట్టున కూడ గాలివాన కొట్టెను. మరునాడు మేము మొదట పోయినది ఆ ముసలామె పెరటికి. అప్పటికి ఆమె కొట్టు వాయిదాలు ఇంకను కొన్ని బాకీ యున్నవి. ఆమె తలుపు తీసి, బల్లపై కట్టను చేత నొక్కి చూపి, "పొడిగానే ఉంది, బాబూ. రాసుకోండి," అన్నది. రాసుకొంటిమి.

ఇప్పుడు మా సంఘములో నూలు ఇచ్చుటకు ముందు "ఎక్కడ పెట్టెదరు?" అని అడుగుచున్నాము. లేదన్నవారికి నూలుతో పాటు కొట్టు అడ్వాన్సు సంగతి కూడ చెప్పుచున్నాము. తక్కిన సంఘములవారును వానలకు ముందే ఈ ప్రశ్న అడుగవలెనని మా మనవి.