విమాన భాగాల కూర్పు: రివెట్టు రివెట్టుకూ బాధ్యత

రంగారెడ్డి జిల్లా ఆదిబట్ల విమాన భాగాల తయారీకి ముఖ్య కేంద్రంగా రూపొందింది. ఇక్కడి టాటా లాక్‌హీడ్ మార్టిన్ కర్మాగారంలో సీ-130జె రవాణా విమానాల తోక భాగాలను కూర్చుతున్నారు. 2018 మార్చి 1న ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజిలేజ్‌లను, అనగా ప్రధాన దేహభాగాలను తయారు చేస్తూ, 2025 జనవరి నాటికి 300 ఫ్యూజిలేజ్‌లను అందజేసింది. ఈ అంకెల వెనుక ఉన్న పని స్వరూపం సామాన్యులకు అంతగా తెలియదు.

విమాన నిర్మాణంలో ముందుగా పక్కటెముకల వంటి చట్రాలను, పై రేకులను జిగ్ అనే దృఢమైన ఉక్కు అమరికలో నిర్ణీత స్థానాలలో నిలుపుతారు. రంధ్రాలు వేసి, తాత్కాలిక పిన్నులతో బిగించి, సరిచూసిన పిమ్మట మరల విడదీస్తారు. రంధ్రపు అంచున మిగిలిన లోహపు గరుకును తొలగించి, శుభ్రపరచి, తుప్పు పట్టకుండా, ద్రవాలు కారకుండా సీలెంట్ పూసి తిరిగి కూర్చుతారు. గరుకు మిగిలితే కాలక్రమంలో అక్కడి నుండే పగులు మొదలయ్యే ప్రమాదం కలదు.

చేతితో రివెట్టు వేయుటకు తరచుగా ఇద్దరు అవసరమవుతారు. ఒకరు బయట నుండి రివెట్ గన్‌తో కొడుతుండగా, మరొకరు లోపల ఉక్కు దిమ్మెను అదిమి పట్టుకొంటారు. రేకు అడ్డుగా ఉన్నందున ఒకరికొకరు కనిపించరు. అందువల్ల రివెట్టు సరిగా కూర్చున్నదీ లేనిదీ రేకుపై తట్టి తెలియజేసుకొనే పద్ధతి ఈ వృత్తిలో చిరకాలంగా ఉన్నది.

నిర్మాణం పూర్తయిన పిదప విద్యుత్ తీగల కట్టలు, హైడ్రాలిక్ గొట్టాలు, ఇంధన గొట్టాల అమరిక చేపడతారు. తీగ దేనికీ రాసుకోకుండా క్లాంపులు వేస్తారు. గొట్టాలలో పీడనం నింపి లీకులను పరీక్షిస్తారు. బోల్టులను టార్క్ రెంచ్‌తో నిర్ణీత బలం మేరకు బిగించి రంగు గీత గీస్తారు. గీత చెదిరినట్లయితే బోల్టు కదలినట్లే. పని ముగియగానే పనిముట్లను లెక్కించుట తప్పనిసరి. లోపల మరచిపోయిన చిన్న డ్రిల్ ముక్క సైతం గాలిలో ప్రాణాపాయం కలిగించగలదు.

ఇంతటి జాగ్రత్త అవసరమేమిటనే ప్రశ్నకు జపాన్‌లో జరిగిన దుర్ఘటనే సమాధానం. 1978లో తోక నేలకు తగిలి దెబ్బతిన్న ఒక బోయింగ్ 747 విమానపు వెనుక పీడన గోడకు మరమ్మతు చేశారు. రెండు వరుసల రివెట్లు మోయవలసిన భారం ఒకే వరుసపై పడే విధంగా అతుకు పలకను అమర్చారు. విమానం అటుపై 12 వేలకు పైగా ప్రయాణాలు సాగించింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ బద్దలై విమానం కూలగా, అందులోని 524 మందిలో 520 మంది మరణించారు. తప్పిదం ఏడేళ్ల పాటు ఎవరి కంటా పడలేదు.

కూర్చిన తరువాత అనేక లోపాలు లోపలే మరుగున పడతాయి. కావుననే ప్రతి దశలో పనిచేసినవారు, తనిఖీ చేసినవారు సంతకం చేయవలసి ఉంటుంది. రంధ్రం పెద్దదైతే దాచక వెంటనే తెలియజేయాలి. దానిని సరిచేయు విధానాన్ని ఇంజనీర్లు నిర్ణయిస్తారు. తప్పు చెప్పినవారిని శిక్షించే చోట తప్పులు దాగిపోతాయి గనుక, నిజం చెప్పే వాతావరణం కల్పించుట యాజమాన్యాల బాధ్యత.

ఈ రంగంలో ప్రవేశించగోరే యువతకు ఐటీఐ స్థాయిలో ఏరోనాటికల్ స్ట్రక్చర్ అండ్ ఎక్విప్‌మెంట్ ఫిట్టర్ అనే రెండేళ్ల కోర్సు జాతీయ శిక్షణ ప్రణాళికలో ఉన్నది. గణితం, సైన్సు పాఠ్యాంశాలతో పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఇందుకు అర్హులు. నక్షా చదువుట, సూక్ష్మ కొలతలు తీయుట, డ్రిల్లింగ్, రివెటింగ్ చేతితో చేసి నేర్చుకోవలసిన విద్యలు. వీటితో పాటు, ఎవరూ చూడని చోట సైతం సక్రమంగా పనిచేసే అలవాటును శిక్షణ దశలోనే అలవరచినప్పుడు ఈ ప్రాంతపు విమాన పరిశ్రమకు లభించిన నమ్మకం నిలబడుతుంది.