ముప్ఫై రోజుల లెక్క

ఏడాదంతా చదివింది ఒక ఎత్తు... పరీక్షకు ముందు నెల ఒక్కటీ ఒక ఎత్తు! సివిల్స్ ప్రిలిమ్స్ రాసినవాళ్లలో చాలామంది చెప్పే మాటే ఇది. బల్ల మీద పుస్తకాలు తగ్గవు. క్యాలెండర్‌లో రోజులు మాత్రం తరిగిపోతుంటాయి. మరి ఆ నెలలో ఏం చదవాలి? అంతకన్నా ముఖ్యంగా... ఏం వదిలేయాలి?

మే నెలంటే తెలుగునాట ఎండలు, పెళ్లిళ్లు, ఆవకాయ జాడీలు, సెలవులకు వచ్చిన పిల్లలు. ఇల్లంతా సందడిగా ఉన్న ఆ రోజుల్లోనే సివిల్స్ అభ్యర్థులకు అసలు పరీక్ష మొదలవుతుంది. యూపీఎస్సీ ప్రాథమిక పరీక్ష సాధారణంగా మే ఆఖర్లోనో జూన్‌లోనో ఉంటుంది. 2023లో మే 28న జరిగింది. లోక్‌సభ ఎన్నికల వల్ల 2024లో జూన్ 16కు వెళ్లింది. 2025లో మళ్లీ మే 25కు వచ్చింది. అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలో అన్నమాట!

పోటీ ఎలా ఉంటుందో చూడాలంటే 2023 అంకెలు చాలు. ఆ ఏడాది దరఖాస్తు చేసినవారు 10,16,850 మంది. పరీక్ష రాసింది 5,92,141 మంది. మెయిన్స్‌కు అర్హత సాధించింది 14,624 మంది. చివరికి సర్వీసులకు ఎంపికైంది 1,016 మంది. రాసినవాళ్లలో ప్రిలిమ్స్ గట్టెక్కింది దాదాపు నలభై మందికి ఒక్కరు.

ఇందులో మరో సంగతీ ఉంది. దరఖాస్తు చేసి కూడా నాలుగు లక్షల మందికి పైగా పరీక్ష హాలుకే రాలేదు. ఎవరి కారణాలు వాళ్లవి. కానీ 'ఈసారి వెళ్లాలా, మానాలా' అన్న ఊగిసలాట ఎక్కువమందికి ఎదురయ్యేది ఈ చివరి నెలలోనే. జనరల్ అభ్యర్థులకు ఉండేవి ఆరే ప్రయత్నాలు. వయసు పరిమితి 32 ఏళ్లు. ప్రిలిమ్స్‌లో ఒక్క పేపర్‌కు హాజరైనా ఒక ప్రయత్నం ఖర్చయిపోయినట్టే. వెళ్లకపోతే లెక్కలోకి రాదు.

అయితే ఈ నిర్ణయాన్ని భయానికి అప్పగించకూడదు. బాగా చదివినవాళ్లకూ ఈ నెలలో ఏమీ రానట్టే అనిపిస్తుంది. గత రెండు మూడేళ్ల ప్రశ్నపత్రాలు ముందేసుకుని, గడియారం పెట్టుకుని రాస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. వచ్చిన మార్కుల్ని ఆ ఏడాది కటాఫ్‌తో పోల్చుకోవాలి. కాస్త అటూ ఇటుగా ఉంటే ముప్ఫై రోజులు దండిగా సరిపోతాయి. సిలబస్‌లో సగం ముట్టుకోనే లేదని తేలితే, ఆ ప్రయత్నాన్ని వచ్చే ఏడాదికి దాచుకోవడమూ ఒక నిర్ణయమే.

మూడు కుప్పలు

నెల రోజులు మిగిలినప్పుడు చేయాల్సిన మొదటి పని చదవడం కాదు, విడదీయడం. సిలబస్‌లోని అంశాలన్నీ కాగితం మీద రాసుకుని మూడు కుప్పలు చేయాలి. బాగా వచ్చినవి. సగం వచ్చినవి. అసలు చూడనివి.

చాలామంది చేతులు నేరుగా మూడో కుప్ప మీదికే వెళ్తాయి. చదవలేదన్న దిగులు అలాంటిది. దానికి తోడు టెలిగ్రామ్ గ్రూపుల్లో రోజుకో కొత్త పీడీఎఫ్. 'ఇది చదివితే చాలు' అంటూ ఎవరో పంపిన నాలుగొందల పేజీలు. కొత్త పుస్తకం తెరిచిన రోజు ఏదో సాధించినట్టే ఉంటుంది. వారం తర్వాత చూస్తే అది తలకెక్కదు, పాతది జారిపోతుంది.

ఈ నెలలో ఎక్కువ మార్కులు తెచ్చేది మధ్య కుప్ప. ప్రాథమిక హక్కుల అధికరణలు తెలుసు కానీ వాటికున్న మినహాయింపుల దగ్గర తడబాటు. ఉద్యమాల పేర్లు తెలుసు కానీ ఏది ముందు, ఏది తర్వాత అంటే అనుమానం. ద్రవ్యోల్బణం అంటే తెలుసు కానీ రెపో రేటు పెంచితే ఏమవుతుందో చెప్పాలంటే నీళ్లు నమలడం. ఇలాంటివి గట్టిపడితే నేరుగా మార్కులే.

ప్రశ్నల తీరు కూడా ఇదే చెబుతోంది. 'పై వాటిలో ఎన్ని వాక్యాలు సరైనవి? ఒకటి మాత్రమే, రెండు మాత్రమే, మూడూ, ఏదీ కాదు' అని అడిగే ప్రశ్నలు 2023లో బాగా పెరిగాయి. ఒక వాక్యం తప్పని పట్టేసి మిగతాది ఊహించే పాత కిటుకు వీటి దగ్గర పారదు. మూడు వాక్యాలూ తెలిసుండాల్సిందే. వంద అంశాలు పైపైన తెలియడం కన్నా అరవై అంశాలు క్షుణ్ణంగా తెలియడమే ఇక్కడ మేలు.

పుస్తకం మూసి చూడాలి

ఒకే పుస్తకాన్ని నాలుగోసారి తిరగేస్తుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. అక్షరాలు పరిచయమైనవే కదా! హాల్లో ప్రశ్న చూడగానే మాత్రం ఎక్కడో చదివినట్టుంటుంది, జవాబు రాదు.

అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్, కార్పికి 2006లో దీనిపై ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. విద్యార్థుల్లో కొందరితో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరికొందరితో ఒక్కసారే చదివించి, తర్వాత చూడకుండా గుర్తున్నంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవారే నయం. వారం తర్వాత అడిగితే కథ తిరగబడింది. చూడకుండా రాసినవాళ్లకు సగటున 56 శాతం గుర్తుంది, రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతమే.

అందుకే చివరి నెలలో గంట చదివితే, ఆ తర్వాత పావుగంట పుస్తకం మూసేయాలి. తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయాలి. రానిదేదో అప్పుడే బయటపడుతుంది. దాన్నే మళ్లీ చూడాలి. రెండు రోజులకోసారి, వారానికోసారి అదే అంశాన్ని మళ్లీ అడుగుతుండాలి. చదివి వినిపించుకునే తోడు ఇంట్లో ఉంటే మరీ మంచిది. ప్రశ్న అడగడానికి అమ్మకో తమ్ముడికో రాజ్యాంగం తెలిసుండక్కర్లేదు.

వదిలేయడమూ విద్యే

జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటల సమయం. సరైన జవాబుకు 2 మార్కులు. తప్పు రాస్తే అందులో మూడోవంతు కోత. ఈ కోత 2007 నుంచీ ఉంది.

2024లో జనరల్ అభ్యర్థుల కటాఫ్ 87.98. ఒక అభ్యర్థి 50 ప్రశ్నలు సరిగ్గా, 18 తప్పుగా రాసి మిగిలిన 32 ముట్టుకోలేదనుకుందాం. వంద మార్కుల్లో 12 కోత పోగా 88. గట్టెక్కినట్టే! మూడోవంతు ప్రశ్నపత్రం ఖాళీగా వదిలేసినా సరే.

అదే అభ్యర్థి ఆ 32 ప్రశ్నలకూ కళ్లు మూసుకుని జవాబులు గుర్తించాడనుకుందాం. నాలుగింటిలో ఒకటి తగిలితే వచ్చిన మార్కులు, పోయిన మార్కులు సమానం. అంటే సగటున లాభం సున్నా. అదృష్టం మొహం చాటేసి అయిదే సరిపోతే, వచ్చేవి 10, పోయేవి 18. ఏడాది కష్టం ఆ ఎనిమిది మార్కుల దగ్గర ఆగిపోతుంది.

అలాగని అనుమానం ఉన్న ప్రతిదీ వదిలేయడమూ నష్టమే. నాలుగింటిలో రెండు తప్పని కచ్చితంగా తెలిస్తే లెక్క మారుతుంది. అలాంటివి 12 రాస్తే సగటున ఆరు ఒప్పు, ఆరు తప్పు. కోత పోగా 8 మార్కులు మిగులుతాయి.

తెలిసింది ఎంత, తెలిసిందనుకునేది ఎంత? ఈ తేడా పట్టుకోవడానికే నమూనా పరీక్షలు. రాసేటప్పుడే ప్రతి ప్రశ్న పక్కన ఓ గుర్తు పెట్టుకోవాలి. కచ్చితంగా తెలిసిన వాటికి ఒకటి, రెండింటి మధ్య ఊగిన వాటికి ఒకటి, గుడ్డిగా రాసిన వాటికి మరొకటి. దిద్దుకున్నాక ఒక్కో రకంలో ఎన్ని సరిపోయాయో విడిగా లెక్కేయాలి. నాలుగైదు పరీక్షలయ్యేసరికి ఎవరి బలం ఏమిటో అంకెల్లో కనిపిస్తుంది. ఊగిసలాటలో ఎక్కువ సరిపోయేవాళ్లు ధైర్యం చేయొచ్చు. కచ్చితమనుకున్నవే తప్పుతున్నవాళ్లు కాస్త నెమ్మదించాలి.

రెండో పేపర్‌తో జాగ్రత్త

మధ్యాహ్నం జరిగే సీశాట్‌ను 2011లో తెచ్చారు. 2015 నుంచి అది అర్హత పేపర్ మాత్రమే. 33 శాతం వస్తే చాలు. ఆ 'చాలు' అన్న మాటే కొంప ముంచుతోంది. అందులో తప్పితే మొదటి పేపర్‌లో ఎన్ని మార్కులు వచ్చినా పనికిరావు.

మొత్తం 80 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర మార్కులు. 200కు 66 రావాలి. 30 సరిగ్గా, 10 తప్పుగా రాస్తే 66.67. దాటినట్టే. ఇంకొక్కటి తప్పు రాస్తే 65.83. పోయినట్టే! ఒక్క ప్రశ్నతో ఏడాది పోవడమంటే ఇదే. లెక్కలు వదిలేసి చాలాకాలమైనవాళ్లు ఈ నెలంతా రోజూ గంటైనా దీనికి ఇవ్వాలి. శాతాలు, నిష్పత్తులు, సంఖ్యలు, కాలం-దూరం... అన్నీ హైస్కూలు లెక్కలే. చేతికి అలవాటు తప్పడమే చిక్కు.

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లకు ఇంకో మెట్టుంది. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన రోణంకి గోపాలకృష్ణ 2016 సివిల్స్‌లో తెలుగు మాధ్యమంలో రాసి మూడో ర్యాంకు సాధించారు. అలాంటివాళ్లూ ముందు ఈ మెట్టు ఎక్కాల్సిందే. విషయం తెలుగులో చదివినా, పాత ప్రశ్నలు మాత్రం ఇంగ్లిషులోనే చదివి సాధన చేయాలి. సీశాట్‌లోని పెద్ద పెద్ద పేరాలకైతే ఇది మరీ అవసరం.

పది... పది... పది

మొదటి పది రోజులు మధ్య కుప్పకే. పాలిటీ, ఆధునిక చరిత్ర, ఆర్థికం, భూగోళం, పర్యావరణం... రోజుకు రెండు సబ్జెక్టులు మార్చి మార్చి చదివితే విసుగు రాదు. వర్తమాన వ్యవహారాలకు ఏడాది సంకలనం ఒక్కటి చాలు. నాలుగు సంస్థల పుస్తకాలు పోగేస్తే ఏదీ పూర్తికాదు.

రెండో పది రోజులు పరీక్షలవి. రోజు విడిచి రోజు ఒక పూర్తి నమూనా పరీక్ష. అదీ అసలు వేళల్లోనే. ఉదయం 9.30కి ఒకటి, మధ్యాహ్నం 2.30కి ఇంకొకటి. అన్నం తిన్నాక కునుకు తీసే అలవాటున్నవాళ్లకు సీశాట్ వేళకు కళ్లు మూతలు పడతాయి. ఆ అలవాటు ఇప్పుడే మారాలి. జవాబులు నల్ల బాల్‌పెన్నుతో ఓఎంఆర్ పత్రం మీద దిద్దడమూ సాధన చేయాలి. పరీక్ష లేని రోజు తప్పుల్ని తవ్వి చూసుకోవాలి.

ఆఖరి పది రోజుల్లో సొంత నోట్సు, పటాలు, తప్పుల జాబితా. అంతే! పరీక్షకు నాలుగైదు రోజుల ముందే నమూనా పరీక్షలు ఆపేయాలి. ఆ వేళప్పుడు తక్కువ మార్కులొస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు, దిగులు మాత్రం మిగులుతుంది. రాత్రి నిద్ర తగ్గించి రెండు పేజీలు ఎక్కువ చదవడమూ నష్టపు బేరమే.

ఇంట్లోవాళ్ల వంతు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్ గదుల్లో ఉండి చదివేవాళ్లకు పోటీదారుల గుబులు. ఇంట్లో ఉండేవాళ్లకు చుట్టాల ప్రశ్నలు. 'ఈసారైనా వస్తుందా?' అన్న పలకరింపు చిన్నదే. దాన్ని మరిచిపోవడానికి ఒక పూట పడుతుంది.

పెళ్లిపిలుపులకు జవాబు అమ్మానాన్నలే చెప్పాలి. చదివేవాళ్ల దాకా రానివ్వకూడదు. మార్కుల ఆరా వద్దు. వేళకు భోజనం, మధ్యాహ్నం మజ్జిగ, కాసేపు చల్లని గది... ఈ సాయం చిన్నదేం కాదు. పెళ్లయినవాళ్లయితే పిల్లల బాధ్యత ఈ నెలకు ఇంకొకరు తీసుకుంటే కొండంత అండ.

పరీక్ష కేంద్రం ఎక్కడుందో ముందురోజే చూసి రావాలి. తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్, వరంగల్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి, అనంతపురం ప్రిలిమ్స్ కేంద్రాలు. పల్లెల నుంచి వెళ్లేవాళ్లు ముందురోజు రాత్రికే చేరుకోవాలి. హాల్‌టికెట్ మీద రాసిన వేళ దాటితే లోపలికి పంపరు. 11.30కి మొదటి పేపర్ అయ్యాక మూడు గంటల విరామం ఉంటుంది. ఆ సమయంలో జవాబులు సరిచూసుకోవడం మొదలుపెడితే రెండో పేపర్ మీద దెబ్బ పడుతుంది. డబ్బాలో పెరుగన్నం, నీళ్లు, నీడపట్టున చోటు... అంతకుమించి ఏమీ వద్దు. తోడు వెళ్లిన నాన్న కూడా 'ఎలా రాశావ్?' అని సాయంత్రందాకా అడక్కపోవడమే పెద్ద సాయం.

ప్రిలిమ్స్ వడపోత మాత్రమే. ఇందులో వచ్చిన మార్కులు తుది ర్యాంకులో కలవవు. మెట్‌పల్లికి చెందిన దురిశెట్టి అనుదీప్ 2017 సివిల్స్‌లో దేశానికే మొదటి ర్యాంకరు. 2022లో మూడో ర్యాంకు ఎన్.ఉమాహారతిది. ఇద్దరికీ ఆ ర్యాంకు దక్కింది అయిదో ప్రయత్నంలో. ఒక మే నెల కలిసిరాకపోతే కథ ముగిసినట్టు కాదు. అలాగని చేతిలో ఉన్న నెలను తేలిగ్గా తీసుకోవడమూ తగదు. చదివింది పరీక్ష హాలు దాకా చెక్కుచెదరకుండా మోసుకెళ్లాలంటే, మోయలేనిది ఇంట్లోనే వదిలేయాలి.