డేరాకు వసారా ఉందా?

పిల్లలూ, సంక్రాంతి సెలవులకు అరకుకో, మారేడుమిల్లికో తీసుకువెళ్ళి రెండు రాత్రులు డేరాలో ఉంచుతానని మీ నాన్నగారు మాట ఇచ్చారనుకోండి. మీ సంతోషానికి మేర ఉండదు. అందరూ కలిసి కొట్టుకు వెళతారు. అక్కడ సంచీమీద "నలుగురికి" అని రాసి ఉన్న డేరా ఒకటి కనిపిస్తుంది. అమ్మ, నాన్న, అక్క, మీరు - సరిగ్గా నలుగురు! ఇంకేం, కొనేస్తారు.

ఆ రాత్రి ఏమవుతుందో చెప్పమంటారా? నలుగురూ లోపల పడుకుంటారు. పడుకున్నాక చూస్తే నాలుగు సంచీలు, నాలుగు జతల చెప్పులు, నీళ్ళ డబ్బా, లాంతరు, జంతికల డబ్బా, తడితువ్వాళ్ళు - అన్నీ బయటే ఉన్నాయి. మంచు కురుస్తున్నది గదా అని ఒక్కొక్కటే లోపలికి తెస్తారు. ఇప్పుడు అక్క కాళ్ళమీద ఒక సంచీ, నాన్న తలదగ్గర చెప్పులు, మీ వీపుకింద లాంతరు! చోటు చాలక మీరు గోడవైపుకు ఒత్తిగిలుతారు. తెల్లవారి చూసుకుంటే మీ దుప్పటి అంచు తడిసి ముద్ద అయి ఉంటుంది. రాత్రి చినుకైనా పడలేదే, ఆ నీళ్ళెక్కడివి?

ఆ సంగతి తరవాత చూద్దాం. ముందు ఒక మాట. డేరా అమ్మినవాడు అబద్ధం ఆడలేదు. అతను మనుషులను లెక్కపెట్టాడు, సామాను లెక్కపెట్టలేదు, అంతే.

అందుచేత కొనకముందే డేరాను మీ ఇంట్లో వేసి చూడండి. దీనికి ఒక సుద్దముక్క చాలు. మామూలుగా డేరాలు తయారుచేసేవాళ్ళు ఒక మనిషికి ఇచ్చే వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువ. 60 సెంటీమీటర్లంటే మీరు బడికి తీసుకుపోయే స్కేళ్ళు రెండు పక్కపక్కన పెట్టినంత. నలుగురికి 240. పొడుగు 210 అనుకుందాం. హాలులో నేలమీద ఈ కొలతలతో గీత గీయండి. ఇంట్లో అందరినీ పిలిచి అందులో పడుకోమనండి. నాన్నగారు మొదట నవ్వుతారు, తరవాత పడుకుంటారు. ఇప్పుడు ఊరికి తీసుకుపోయే సంచీలన్నీ తెచ్చి, ఎవరినీ కదపకుండా, గీత దాటకుండా సర్దండి చూద్దాం!

ఇంతటితో అయిపోలేదు. గది గోడలు నిటారుగా ఉంటాయి. డేరా గోడలు వాలుగా ఉంటాయి. నడిమధ్యను 120 సెంటీమీటర్ల ఎత్తు, కింద 240 వెడల్పు ఉండి, పెంకుటింటి కప్పులాగా రెండువైపులకూ దిగే డేరా తీసుకోండి. అంచునుంచి 60 సెంటీమీటర్లు లోపలికి వస్తే అక్కడ కప్పు ఎత్తు 60 మాత్రమే. 90 లోపలికి వస్తే 90. పెద్దవాళ్ళు నేలమీద కూర్చుంటే తల దరిదాపు 90 సెంటీమీటర్ల ఎత్తుకు వస్తుంది. అంటే ఆ డేరాలో మెడ వంచకుండా కూర్చోవటానికి పనికివచ్చేది నడుమ ఉన్న 60 సెంటీమీటర్ల పట్టీ ఒక్కటే! నలుగురూ రైలాట ఆడినట్టు ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి.

బుట్ట బోర్లించినట్టుండే డేరాలు వచ్చింది ఇందుకే. వాటి కర్రలు విల్లులాగా వంగి ఉంటాయి గనక గోడలు అడుగున కొంత నిటారుగా లేచి ఆ తరవాత లోపలికి వంగుతాయి. అదే నేలమీద చోటు ఎక్కువవుతుంది. అయితే గోడ ఎంత నిటారుగా ఉంటే గాలి దాన్ని అంత గట్టిగా నెడుతుంది. చెట్లచాటున వేసుకునే డేరాకు ఇది పెద్ద చిక్కు కాదు. కొండమీద వేసుకునేదానికి మాత్రం చిక్కే.

మరి పెంకుటిల్లులాటి డేరాలో ఆ పొట్టి అంచులు వృథాయేనా? కూర్చోలేకపోతే పోయె, సంచీలన్నా పెట్టుకోవచ్చు గదా అంటారు. ఇక్కడే ఇందాకటి తడి దుప్పటి సంగతి వస్తుంది. అద్దం తీసుకుని దానిమీద హా అని ఊదండి. మసక కమ్ముతుంది. అది మీ ఊపిరిలోని నీరే. ఒక మనిషి రాత్రంతా పడుకుని ఊపిరిద్వారానూ, చర్మంద్వారానూ వదిలే నీటిని పోగుచేస్తే ఒక గ్లాసుడు ఉంటుంది. నలుగురికి నాలుగు గ్లాసులు. డేరా గుడ్డ బయటి చలికి చల్లబడి ఉంటుంది. వెచ్చని ఊపిరి దాన్ని తగిలి, అద్దంమీద మసకలాగానే, చెమ్మగా మారుతుంది. గోడకు ఆనిన దుప్పటి దాన్ని పీల్చుకుంటుంది. గోడకు ఆనించిన సంచీ కూడా అంతే. వెనకటి కాన్వాసు డేరాలలో ఇంకొక ఇబ్బంది ఉండేది. తడిసిన కాన్వాసు దారాల సందులను నీరే పలచని పొరలాగా మూసి ఉంచుతుంది. లోపలినుంచి వేలు తగిలితే ఆ పొర చెదిరి, అక్కడినుంచి కారటం మొదలవుతుంది. "గుడ్డ ముట్టుకోవద్దు!" అని స్కౌటు మాస్టర్లు కేకలు వేసేది ఇందుకే.

ఈ రోజుల్లో మంచి డేరాలకు రెండు గుడ్డలుంటాయి. లోపలి గుడ్డ పలచగా, ఊపిరి పోయేటట్టు ఉంటుంది. పై గుడ్డ నీరు దిగనిది. రెంటికీ మధ్య కొంత ఖాళీ. చెమ్మంతా పై గుడ్డకు పట్టి, దానివెంట కిందికి జారిపోతుంది. పై గుడ్డ వివరాల చీటీలో 2,000 మిల్లీమీటర్లు అని ఉంటే, ఆ గుడ్డమీద నిలువుగా గొట్టం పెట్టి అంత ఎత్తుకు నీరు పోసేదాకా అది కారదని అర్థం.

ఇక అసలు విషయం. మన పాత ఇళ్ళకు ముందువైపు వసారా ఉండేది, గుర్తుందా? చెప్పులు, గొడుగు, తడిసిన గోనెపట్టా, పలుగు, పార - అన్నీ అక్కడే. బురద గదిలోకి రాదు, వస్తువులు వానలోనూ ఉండవు. మంచి డేరాకు కూడా వసారా ఉంటుంది. పై గుడ్డను గుమ్మం ముందుకు సాగదీసి నేలకు బిగిస్తారు. దానికింద లోపలి గుడ్డ ఉండదు, నేలపట్టా ఉండదు. సంచీలూ, బూట్లూ, బకెట్టూ అక్కడ పెట్టుకోవచ్చు. ఒక డేరాకు పెద్ద గది, చిన్న వసారా ఉండి, రెండోదానికి గది కాస్త చిన్నదై వసారా పెద్దదయితే, నేను రెండోదే తీసుకుంటాను. గది పెద్దదయినకొద్దీ సామాను గదిలోకే వస్తుంది. వసారా ఉంటే సామాను తన చోటున తాను ఉంటుంది.

రెండు గుమ్మాలుండి, రెండువైపులా వసారాలుంటే మరీ మంచిది. ఒక వసారాలో సామాను పెట్టి రెండోవైపు నడవవచ్చు. లేకపోతే అర్ధరాత్రి బయటికి పోయేవాడు అందరి కాళ్ళూ తొక్కుకుంటూ పోవాలి.

లోపల గోడలకు జేబులున్నాయేమో చూడండి. టార్చిలైటు, కళ్ళజోడు, అగ్గిపెట్టె వంటివి చీకట్లో చేతికందాలి. కప్పుకింద వలలాటి దొకటి వేలాడుతూ ఉంటుంది - అది మన ఉట్టే అనుకోండి, కాకపోతే పెరుగుకుండ పెట్టటానికి పనికిరాదు. ఆరీఆరని మేజోళ్ళు పెట్టుకోవచ్చు. జంతికల డబ్బా మాత్రం మూత గట్టిగా బిగించండి. చీమలకు మీ డేరాకు దోవ ఎవరూ చెప్పనక్కర్లేదు.

వసారా ఉంది గదా అని అందులో స్టవ్వు వెలిగించి టీ కాయవద్దు. పిల్లలూ, పెద్దలూ కూడా ఇది జ్ఞాపకం పెట్టుకోవాలి. గాలి చాలని చోట మంట మండితే కార్బన్ మోనాక్సైడు అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయేవాడు మళ్ళీ లేవడు. చలికని డేరాలో బొగ్గుల కుంపటి పెట్టుకోవటం కూడా ఇంతే. పైగా డేరా గుడ్డ ఇట్టే అంటుకుంటుంది. వంట ఆరుబయటే.

నలుగురుంటే అయిదుగురికో ఆరుగురికో అని రాసినది తీసుకోండి. కారులో తీసుకుపోయేటట్టయితే బరువు లెక్కలేదు. భుజాన మోయాలంటే మాత్రం ప్రతి కిలో గురించీ ఇంట్లో తగువు పడవలసిందే.

ఇదంతా సరదాకు వెళ్ళినప్పటి మాట. దుప్పటి తడిస్తే తెల్లవారి ఎండలో వేసుకోవచ్చు. ఎండే లేనిచోట, ఇంటికి రాలేనిచోట ఏమవుతుంది? దానికి నిజంగా జరిగిన కథ ఒకటి ఉంది.

1911లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణధ్రువం చేరాలని వెళ్ళి, అంటార్కిటికాలో కేప్ ఎవన్స్ అనేచోట మకాం చేసి ఉన్నది. ఎంపరర్ పెంగ్విన్ అనే పక్షి నడి చలికాలంలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోని పిండాలను చూస్తే పక్షుల పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయని ఆనాటి శాస్త్రజ్ఞులు ఆశపడ్డారు. వాటికోసం ముగ్గురు బయలుదేరారు: డాక్టర్ విల్సన్, బవర్స్, చెర్రీ గారర్డ్. కేప్ క్రోజియర్ అక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. జూన్ 27న బయలుదేరారు. మనకది వేసవి చివర. అక్కడ నడి చలికాలం, పగలన్నమాటే లేదు. దాదాపు 340 కిలోల సామాను బండ్లమీద వేసుకుని చీకట్లో లాగారు. చలి సున్నకు దిగువ 60 డిగ్రీలదాకా పోయింది.

ఒకరోజు చెర్రీ డేరాలోనుంచి బయటికి వచ్చి, చుట్టూ చూద్దామని తల ఎత్తాడు. మళ్ళీ తల దించబోతే రాలేదు! అంతలోనే బట్టలు గడ్డకట్టి బిగుసుకుపోయాయి. నాలుగు గంటలసేపు తల ఎత్తుకునే బండి లాగాడట.

వాళ్ళది గోపురంలాటి డేరా. వెదురుకర్రలు, రెండు గుడ్డలు, అడుగున చుట్టూ పరచుకునే అంచు, ఆ అంచుమీద గాలికి లేవకుండా మంచుగడ్డల బరువు. అంత పకడ్బందీగా ఉన్నా ఊపిరి ఊపిరే గదా! రాత్రి స్లీపింగ్ బ్యాగులో పట్టిన చెమ్మ పొద్దున గడ్డకట్టేది. మర్నాడు రాత్రి మరికొంత. ఆరబెట్టే వీలు లేదు. బయలుదేరేటప్పుడు చెర్రీ స్లీపింగ్ బ్యాగు బరువు దాదాపు 8 కిలోలు. అయిదు వారాల తరవాత తూచితే 20 కిలోలున్నది. మిగతాదంతా మంచే!

కేప్ క్రోజియర్ చేరాక రాళ్ళు పేర్చి చిన్న గుడిసె కట్టి, పైన కాన్వాసు కప్పు వేశారు. పెంగ్విన్ల దగ్గరికి పోయి అయిదు గుడ్లు తెచ్చారు. రెండు దారిలో పగిలాయి. గుడిసెలో చోటు చాలదు గనక డేరాను దాని గుమ్మం పక్కనే వేసి చాలా సామాను అందులో పెట్టుకున్నారు. అంటే గుడిసెకు డేరాయే వసారా అయింది.

జులై 22న తుఫాను వచ్చింది. "డేరా పోయింది!" అని బవర్స్ అరిచాడు. సామాను చాలావరకు ఉన్నచోటనే ఉంది. దానిమీది డేరా లేదు. పాకుతూ పోయి ఆ వస్తువులను గుడిసెలోకి చేర్చారు. మర్నాడు, విల్సన్ పుట్టినరోజున, గుడిసె కప్పు కూడా చీలికలైపోయింది. ముగ్గురూ స్లీపింగ్ బ్యాగుల్లో మునిగి, మీద మంచు పేరుకుంటుంటే, తిండి లేకుండా పడుకున్నారు. డేరా లేకుండా నూరు కిలోమీటర్లు వెనక్కి పోవటం ఎవరి తరమూ కాదు. ఆ మాట పైకి అనక, పాటలు పాడుకున్నారు.

గాలి తగ్గాక వెతకబోయారు. అర మైలు దూరాన, వాలు అడుగున, బవర్స్‌కు డేరా కనపడింది. గాలికి పైకి లేచినప్పుడు కర్రలన్నీ దగ్గరికి చేరి, మూసిన గొడుగులాగా పడి ఉంది. దాదాపు ఏమీ చెడలేదు! దాన్ని తెచ్చుకుని, ఆగస్టు 1న మకాం చేరుకున్నారు. మిగిలిన మూడు గుడ్లను చెర్రీ 1913లో లండను మ్యూజియంలో ఇచ్చాడు.

విల్సన్, బవర్స్ స్కాట్‌తో దక్షిణధ్రువం చేరి, తిరిగి వస్తూ 1912లో డేరాలోనే చనిపోయారు. వారిని వెతికి కనుగొన్న వాళ్ళలో చెర్రీ ఉన్నాడు. అతను 1922లో ఆ ప్రయాణం గురించి పెద్ద పుస్తకం రాశాడు. అందులో బవర్స్ చేసిన పని ఒకటి ఉంది. డేరా దొరికిన రాత్రి అందరూ పడుకోబోయేముందు అతను ఒక తాడు తీసి, ఒక కొస డేరా శిఖరానికి కట్టి, రెండో కొస తన స్లీపింగ్ బ్యాగులోకి తీసుకుపోయాడు. డేరా ఈసారి పోతే తాను కూడా దానితోపాటే పోతానన్నాడు.