355 ఎవరు? గూఢచారుల కథలతో చరిత్ర నేర్పడం ఎలా

711 అంటే జార్జ్ వాషింగ్టన్. 727 అంటే న్యూయార్క్. 355 అంటే ఒక మహిళ.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం సాగుతున్న రోజుల్లో, 1779లో, బెంజమిన్ టాల్‌మడ్జ్ అనే సైనికాధికారి తయారుచేసిన సంకేతాల పట్టికలోని అంకెలివి. అందులో మొత్తం 763 సంఖ్యలున్నాయి. ఒక్కో సంఖ్య వెనుక ఒక మాటో, మనిషి పేరో, ఊరి పేరో దాగి ఉంటుంది.

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించడం (హోంస్కూలింగ్) అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ చట్టబద్ధమే. నిబంధనలు మాత్రం రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. తేదీలు, ఒప్పందాలు అంటే మొహం తిప్పుకొనే పద్నాలుగేళ్ల పిల్లలు కూడా గూఢచారి కథ అనగానే దగ్గరికొచ్చి కూర్చుంటారు.

అయితే ఇక్కడో చిక్కుంది. రహస్యంగా పనిచేసినవాళ్లు ఆధారాలు మిగల్చరు. ఆ ఖాళీలను తర్వాత వచ్చిన నవలలు, టీవీ సీరియళ్లు, కుటుంబ కథలు నింపేశాయి. తరగతిలో అయితే పక్క బెంచీ నుంచి ఎవరో ఒకరు అడ్డు ప్రశ్న వేస్తారు. ఇంట్లో చెప్పేది ఒకరే, వినేదీ ఒకరే. అందుకే ప్రతి కథ చివర పాఠం చెప్పేవాళ్లే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది మనకు ఎలా తెలిసింది?

ఉరికంబం దగ్గర ఏమన్నాడు?

నేథన్ హేల్ కనెక్టికట్‌కు చెందిన యువకుడు. యేల్‌లో చదివి, బడిపంతులుగా పనిచేసి సైన్యంలో చేరాడు. బ్రిటిష్ సేనల కదలికలు తెలుసుకునేందుకు వెళ్లి దొరికిపోయాడు. 1776 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లో విచారణ లేకుండానే ఉరితీశారు. అప్పటికి అతని వయసు 21.

దేశానికి ఇవ్వడానికి ఒక్క ప్రాణమే ఉందని బాధపడుతూ అతను చివరి మాటలు చెప్పాడని అమెరికా పిల్లలందరూ చదువుకుంటారు. ఆ మాటలు అప్పట్లో బాగా పేరున్న జోసెఫ్ ఆడిసన్ నాటకం ‘కేటో’లోని ఒక సంభాషణకు దగ్గరగా ఉంటాయి. ఆ రోజుల్లో న్యూయార్క్‌లోనే ఉన్న బ్రిటిష్ అధికారి ఫ్రెడరిక్ మెకెంజీ డైరీలో మాత్రం వేరే సంగతి ఉంది. హేల్ నిబ్బరంగా నిలబడ్డాడని, సేనాధిపతి ఆజ్ఞ పాటించడం అధికారి ధర్మమని అన్నాడని ఆయన రాసుకున్నారు. దేన్ని ఎంతవరకు నమ్మాలో పిల్లలనే వాదించనివ్వాలి.

దీనికి జోడీగా జాన్ ఆండ్రే కథ చెప్పాలి. వెస్ట్ పాయింట్ కోటను బ్రిటిష్ వారికి అప్పగించేందుకు అమెరికా సేనాని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ కుట్ర పన్నాడు. అతనితో మంతనాలు జరిపిన బ్రిటిష్ అధికారి ఆండ్రే. కాలిమేజోళ్లలో దాచిన కాగితాలతో పట్టుబడ్డాడు. 1780 అక్టోబర్ 2న అమెరికన్లు అతన్ని ఉరితీశారు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబేలో అతనికి స్మారకం ఉంది. ఇద్దరూ చేసింది ఒకే పని. ఎవరు వీరుడన్నది ఏ ఒడ్డున నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి మారింది.

చేతిరాత పట్టించింది

టాల్‌మడ్జ్ 1778లో ఏర్పాటుచేసిన బృందానికి కల్పర్ ముఠా అని పేరు. న్యూయార్క్ వ్యాపారి రాబర్ట్ టౌన్‌సెండ్ వార్తలు సేకరించేవాడు. సత్రం నడిపే ఆస్టిన్ రో వాటిని గుర్రంపై దాదాపు 55 మైళ్ల దూరంలోని సెటాకెట్‌కు చేర్చేవాడు. అక్కడ రైతు ఏబ్రహామ్ వుడ్‌హల్ అందుకుంటే, కేలెబ్ బ్రూస్టర్ పడవలో సముద్రపాయ దాటించి కనెక్టికట్‌కు తెచ్చేవాడు. అక్కడి నుంచి టాల్‌మడ్జ్ ద్వారా వాషింగ్టన్‌కు చేరేవి. ముఖ్యమైన సంగతులు కంటికి కనిపించని సిరాతో రాసేవారు. పటం ముందు పెట్టుకుని ఈ దారి గీయిస్తే యుద్ధంలో ఒక్క వార్త ఖరీదెంతో అర్థమవుతుంది.

‘చిన్న కల్పర్’ అనే మారుపేరు వెనుక ఉన్నది టౌన్‌సెండ్ అని దాదాపు 150 ఏళ్లపాటు లోకానికి తెలియదు. మోర్టన్ పెనీపాకర్ అనే పరిశోధకుడు చేతిరాతలు పోల్చి చూపాకే ఆ సంగతి బయటపడింది.

మరి 355 ఎవరు? 1779లో వుడ్‌హల్ రాసిన ఒక ఉత్తరంలో ఆ సంఖ్య ఒకసారి కనిపిస్తుంది. ఒక మహిళ సాయంతో పని జరుగుతుందన్నదే దాని సారం. అంతకుమించి ఆధారం లేదు. ఆ ఒక్క వాక్యం నుంచే ‘ఏజెంట్ 355’ అనే నాయిక పుట్టి, నవలల్లోకి, తెరమీదికి ఎక్కింది. ఆ మహిళ ఉండే ఉంటుంది. మిగతా కథంతా తర్వాతివాళ్లు అల్లినదే.

గెలిచినా రాని స్వేచ్ఛ

వదలకూడని పాఠం మరొకటి ఉంది. వర్జీనియాలో బానిసగా బతికిన జేమ్స్ 1781లో ఫ్రెంచ్ సేనాని లఫాయెట్ తరఫున బ్రిటిష్ శిబిరంలోకి వెళ్లి సమాచారం తెచ్చాడు. ఆ ఏడాది అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో కార్న్‌వాలిస్ సేన లొంగిపోయింది. ఐదేళ్లకు గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చిన కార్న్‌వాలిస్ ఈయనే. 1788లో గుంటూరు సర్కారు నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది ఈయన హయాంలోనే.

యుద్ధం ముగిసినా జేమ్స్ బానిసగానే మిగిలాడు. యజమానుల బదులు సైనికులుగా పోరాడిన బానిసలకు 1783లో వర్జీనియా చట్టం స్వేచ్ఛ ఇచ్చింది. జేమ్స్ మోసింది తుపాకీ కాదు, వార్తలు. కాబట్టి ఆ చట్టం అతనికి వర్తించలేదు. అతని సేవలను మెచ్చుకుంటూ లఫాయెట్ 1784లో రాసిచ్చిన పత్రంతో శాసనసభకు అర్జీ పెట్టుకుంటే, 1787 జనవరిలో విముక్తి దొరికింది. తర్వాత అతను తన పేరుకు లఫాయెట్ అని చేర్చుకున్నాడు.

టాల్‌మడ్జ్ సంకేతాల పట్టికను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. దాంతో ఒక ఉత్తరం రాయించడం పిల్లలకు సరదా. ఆ తర్వాత జేమ్స్ కోసం ఒక అర్జీ రాయించాలి. చేసిన పని రహస్యమైనప్పుడు, దాన్ని చేశానని నిరూపించుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.