పాటకు గోవింద నామం, పేరుకు ఆళ్వార్.. ఎవరీ కులా షేకర్?

తిరుమలలో గర్భాలయం గడపను కులశేఖర పడి అంటారు కదా. ఆ కులశేఖర ఆళ్వార్ పేరునే ఓ ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పెట్టుకుంది. అదే కులా షేకర్.

'ది కేస్' పేరుతో మొదలైన ఈ సైకెడెలిక్ రాక్ బ్యాండ్ 1995లో పేరు మార్చుకుంది. సింగర్ క్రిస్పియన్ మిల్స్‌కు ఇండియా అంటే పిచ్చి. 1996లో వచ్చిన తొలి ఆల్బమ్ 'కె' యూకేలో నంబర్ వన్. అదే ఏడాది పూర్తిగా సంస్కృతంలో పాడిన 'గోవింద' అక్కడి చార్టుల్లో 7వ స్థానం దాకా వెళ్లింది. మనవాళ్లు వింటే భజనకు ఎలక్ట్రిక్ గిటార్ తగిలించినట్టు ఉంటుంది.

అసలు దెబ్బ 1997లో పడింది. స్వస్తిక్ గుర్తంటే తనకిష్టమని మిల్స్ ఇంటర్వ్యూల్లో అన్నారు. పాతబస్తీ ఛత్తా బజార్‌లో అచ్చయ్యే శుభలేఖల మీద ఆ గుర్తు మామూలే. యూరప్‌లో అలా కాదు. అక్కడ అది హిట్లర్ జెండా, 60 లక్షల మంది యూదుల హత్య. తాను చెప్పింది భారతీయ అర్థంలోనేనని మిల్స్ వివరణ ఇచ్చారు, సారీ కూడా చెప్పారు. అయినా మీడియా వదల్లేదు. ఇక్కడ కూర్చుని ఆయన్ని వెనకేసుకు రావడం మనకు తేలికే. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ వివరణ వినే ఓపిక ఎందుకుండాలి?

1999లో రెండో ఆల్బమ్ వచ్చింది, అదే ఏడాది బ్యాండ్ విడిపోయింది. తర్వాత మళ్లీ కలిసి 2007లో 'స్ట్రేంజ్‌ఫోక్' చేశారు. 2024లో వచ్చిన 'నేచురల్ మ్యాజిక్' నాటికి పాత కీబోర్డ్ ప్లేయర్ జే డార్లింగ్టన్ కూడా తిరిగొచ్చారు.