ఇంటి పాటల సేకరణ - తెలుగు సూచీకరణ: కోటవురట్ల ప్రాంత దృష్టితో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
ఇంట్లో వినడానికి కూడబెట్టిన డిజిటల్ పాటలు వందలు దాటగానే కావలసిన పాటను వెతికి పట్టుకోవడం కష్టమవుతుంది. ఫైలులో పాటతోపాటు నమోదు చేసే వివరాలు ఈ కష్టాన్ని తొలగిస్తాయి. పాశ్చాత్య ఆల్బం పద్ధతికి అనుగుణంగా రూపొందిన వివరాల గడులలో తెలుగు పాటను ఎలా ఇమడ్చాలో, ఇంటి రికార్డింగుల విషయంలో ఏ క్రమం పాటించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: డిజిటల్ సంగీతం, ట్యాగు, యూనికోడ్, సినిమా పాట, సంకీర్తన, జానపద గేయం, కోటవురట్ల.

1. ఉపోద్ఘాతం:
ప్రబంధకవులు ఆశ్వాసాంత గద్యలో తమ పేరు, తండ్రి పేరు, కృతి పేరు చెప్పుకున్నారు. తాళపత్రాలు చేతులు మారినా కర్తృత్వం నిలవడానికి ఆ గద్యలు తోడ్పడ్డాయి. గద్య లోపించిన ప్రతుల విషయంలో పరిష్కర్తలు ఎంత శ్రమపడవలసి వస్తుందో పరిశోధకులకు తెలిసినదే. డిజిటల్ పాటకు ట్యాగు అటువంటి గద్య.

కోటవురట్ల అనకాపల్లి జిల్లాలోని మండల కేంద్రం. ఇటువంటి ఊళ్ళలోని ఇళ్ళకు పాట రేడియో ద్వారా, క్యాసెట్ల ద్వారా, ఆ తరువాత సెల్‌ఫోను మెమరీ కార్డుల ద్వారా చేరింది. సినిమా పాటలతోపాటు పెళ్ళిపాటలు, భజనలు, కోలాటం పాటలు, తప్పెటగుళ్ళు కూడా రికార్డయ్యాయి. వీటన్నింటినీ ఒకేచోట చేర్చినప్పుడు సినిమా పాటకు ఏదో ఒక పేరైనా ఉంటుంది. ఇంటి పాటకు వరుస సంఖ్య తప్ప మరేమీ ఉండదు.

2. ట్యాగు స్వరూపం:
ఎంపీ3 ఫైళ్ళలో వివరాలు నమోదు చేసే ఐడీ3 పద్ధతి 1996లో వచ్చింది. దాని తొలి రూపంలో వివరాలన్నింటికీ కలిపి 128 బైట్ల చోటు ఉండేది. అందులో పాట పేరుకు 30, గాయకుని పేరుకు 30, ఆల్బం పేరుకు 30 బైట్లు. యూనికోడ్ యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడి సంకేతాలే. ఈ లెక్కన 'ఘంటసాల వెంకటేశ్వరరావు' అనే పేరుకు 61 బైట్లు అవసరం. అంటే ఆ గడిలో సగం పేరు కూడా పట్టదు. పాటల రకాలకు ఇచ్చిన 80 పేర్ల తొలి జాబితాలో హరికథ, బుర్రకథ, పద్యం వంటి ప్రక్రియలకు చోటు లేదు.

తరువాతి రూపాలలో ఈ పరిమితులు తొలగాయి. ఐడీ3 రెండవ తరం యూనికోడును అంగీకరించింది. గాయకునికి, స్వరకర్తకు, గీతరచయితకు, భాషకు వేర్వేరు గడులు ఏర్పరచింది. ఫ్లాక్ ఫైళ్ళలో మనకు కావలసిన కొత్త గడులను కూడా చేర్చుకోవచ్చు. కాబట్టి నేడు తెలుగు పాటల వివరాలను తెలుగు లిపిలోనే నమోదు చేయడానికి సాంకేతికమైన ఆటంకం లేదు. అయితే కొన్ని పాత ప్లేయర్లు తెలుగు అక్షరాల స్థానంలో గళ్ళు చూపిస్తాయి. అందువల్ల ఒక పాటతో పరీక్షించిన తరువాతనే మొత్తం సేకరణకు పూనుకోవడం మంచిది.

3. కర్త ఎవరు?
చాలా ప్లేయర్లు 'ఆర్టిస్టు' అనే ఒక్క పేరు కిందనే పాటలను వర్గీకరిస్తాయి. తెలుగు సినిమా పాటకు సాధారణంగా కనీసం ముగ్గురు కర్తలు. 'మాయాబజార్' (1957) చిత్రంలోని 'లాహిరి లాహిరి లాహిరిలో' పాట రచన పింగళి నాగేంద్రరావుది. గానం ఘంటసాల, పి. లీలలది. చిత్రానికి సంగీత దర్శకునిగా పేరున్నది ఘంటసాలకు. కాని ఈ పాటతో కలిపి నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టినవి. గాయకుల పేర్లు ఆర్టిస్టు గడిలో, పింగళి పేరు గీతరచయిత గడిలో, సాలూరి పేరు స్వరకర్త గడిలో, చిత్ర సంగీత దర్శకుని పేరు 'ఆల్బం ఆర్టిస్టు' గడిలో ఉంచితే ఎవరికీ అన్యాయం జరగదు. ఈ చివరి గడిని ఖాళీగా వదిలితే అనేక ప్లేయర్లు ఒకే చిత్రంలోని పాటలను గాయకుల వారీగా ముక్కలు చేస్తాయి.

సంకీర్తనల విషయం ఇంకా సూక్ష్మమైనది. తాళ్ళపాక అన్నమాచార్యుల రాగిరేకులలో రాగాల పేర్లు ఉన్నా సంకీర్తనలకు స్వరలిపి లేదు. నేడు వినే బాణీలలో పెక్కు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ మొదలైనవారు కూర్చినవి. కాబట్టి స్వరకర్త గడిలో అన్నమాచార్యుల పేరు రాయడం పొరపాటు. ఆయన పేరు రచయిత గడిలో ఉండాలి.

చిత్రం పేరు ఒక్కటే చాలదు. 'దేవదాసు' పేరుతో 1953లో సి.ఆర్. సుబ్బరామన్, 1974లో రమేష్ నాయుడు, 2006లో చక్రి సంగీతం కూర్చిన చిత్రాలు వచ్చాయి. సంవత్సరం చేర్చకపోతే మూడు చిత్రాల పాటలు ఒకే ఆల్బంగా కలిసిపోతాయి.

4. ఒకే పేరు - అనేక రూపాలు:
'పి. సుశీల', 'పి.సుశీల', 'సుశీల' అనేవి పాఠకునికి ఒక్కరే, యంత్రానికి ముగ్గురు. 'నాగేంద్రరావు', 'నాగేంద్ర రావు' అన్నా ఇద్దరే. రోమన్ లిపిలో దీర్ఘాలు, ఒత్తులు రాయడంలో ఎవరి పద్ధతి వారిదే కాబట్టి ఈ గందరగోళం మరింత పెరుగుతుంది. గ్రంథాలయాలలో వలె ప్రతి వ్యక్తికి ఒకే ప్రామాణిక రూపాన్ని నిర్ణయించి, ఆ జాబితాను వేరే ఫైలులో ఉంచుకోవాలి. ట్యాగులు నింపేటప్పుడు అందులోని పేరునే అతికించాలి.

వస్తువును కూడా ఒక గడిలో చేర్చడం పరిశోధకులకు ఉపయోగకరం. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట నర్సీపట్నం డివిజనులోనిదే. ఈ ప్రాంతపు సేకరణలో 'అల్లూరి సీతారామరాజు' (1974) చిత్రం కోసం శ్రీశ్రీ రాసిన, జాతీయ పురస్కారం పొందిన 'తెలుగు వీర లేవరా' పాట ఒకచోట, ఆ వీరునిపై స్థానికులు పాడిన పాట మరొకచోట ఉండవచ్చు. వస్తువు గడిలో 'అల్లూరి' అని ఉంటే రెండూ ఒకే వెతుకులాటలో దొరుకుతాయి.

5. ఇంటి రికార్డింగులు:
సేకరణను సినిమా పాటలతో మొదలుపెట్టడం సహజం. అయితే వాటి వివరాలు రేపైనా లభిస్తాయి. ఇంట్లో రికార్డు చేసిన అప్పగింత పాట ఎవరి గొంతో చెప్పగలిగినవారు ఒకరో ఇద్దరో ఉంటారు. వారు లేనినాడు ఆ పాట అజ్ఞాతకర్తృకమవుతుంది. అందువల్ల ముందుగా చేపట్టవలసినవి ఇవే.

క్యాసెట్టు ప్లేయరు హెడ్డును శుభ్రపరచి, కంప్యూటరుకు కలిపి, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ ప్రమాణంలో ఒక పక్క మొత్తాన్ని ఆపకుండా రికార్డు చేయాలి. ఇలా చేసిన గంట రికార్డింగుకు సుమారు ఒక గిగాబైటు చోటు కావాలి. ఫ్లాక్ రూపంలోకి మారిస్తే ధ్వనిలో ఏమీ పోకుండా పరిమాణం బాగా తగ్గుతుంది. ఎంపీ3గా ఉన్నదానిని ఫ్లాక్‌గా మార్చినంత మాత్రాన పోయిన నాణ్యత తిరిగి రాదు.

తరువాత ఇంటి పెద్దలకు వినిపించి పాడినవారి పేరు, ఊరు, సందర్భం, కాలం, రికార్డు చేసినవారి పేరు నమోదు చేయాలి. కాలం నిశ్చయంగా తెలియనప్పుడు సంవత్సరం గడిని ఖాళీగా ఉంచి, వ్యాఖ్య గడిలో '1990 ప్రాంతం' అని రాయాలి. పాట మొదటి పాదాన్ని పాడినవారి ఉచ్చారణలోనే ఉంచాలి. శిష్టరూపంలోకి మారిస్తే మాండలిక సాక్ష్యం చెరిగిపోతుంది. ఇంటి గడప దాటించే ముందు పాడినవారి అనుమతి తీసుకోవాలి.

6. వినికిడికి సిద్ధం చేయడం:
ఫోల్డర్లను సినిమా, శాస్త్రీయం, భక్తి, జానపదం, ఇల్లు అనే విభాగాలకు పరిమితం చేసి, మిగిలిన వర్గీకరణను ట్యాగులకు వదలాలి. పాత పాట మెల్లగాను కొత్త పాట బిగ్గరగాను వినిపించడం సాధారణ సమస్య. రీప్లేగెయిన్ పద్ధతి ధ్వనిని మార్చకుండా, ఎంత తగ్గించాలో పెంచాలో ట్యాగులోనే రాసిపెడుతుంది. మూలప్రతిని ఫ్లాక్‌గా దాచి, ఫోనులో వినడానికి ఎంపీ3 ప్రతి తీసుకోవచ్చు. మొత్తం మూడు ప్రతులుండాలి. వాటిలో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మెమరీ కార్డు ఒక్కటే ఆధారమైతే అది పాడైననాడు అన్నీ పోతాయి.

7. ముగింపు:
తెలుగు పాటకు కర్త, స్వరకర్త, గాయకుడు, ప్రక్రియ, వస్తువు వేర్వేరు అంశాలు. ట్యాగులోని గడులను ఈ భేదాలకు అనుగుణంగా నింపడానికి కంప్యూటరు పరిజ్ఞానం కన్నా సాహిత్య పరిజ్ఞానమే ఎక్కువ అవసరం. తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు తమ ఇంటి క్యాసెట్లతో ఈ పని ప్రారంభించవచ్చు. గొంతు గుర్తుపట్టగలిగిన పెద్దలు ఉన్నప్పుడే ఆ గద్య రాయాలి.